వెంకటకృష్ణ కారు, జహరాబీ బిందె

మార్కాపురంలో లారీ కుంటుకుంటూ వస్తే ఎవరైనా ఒకటే మాట చెబుతారు, "జహరాబీ షెడ్డుకు తోలుకపో" అని. పలకరాయి మోసి మోసి అడుగున కుదుపు కాచే కమాన్ కట్టలు విరిగిన లారీలన్నిటికీ ఆ షెడ్డే ఆసుపత్రి. ఆమె పని నేర్చుకున్నది మొగుడు నిజాముద్దీన్ దగ్గర. ఇప్పుడాయన మోకాళ్ళు అరిగిపోయి, స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ సలహాలిస్తుంటాడు. ఆమె వినదు. తనకు రాని పని కూడా ఒకటుంటుందని ఒప్పుకోవడం ఆమెకు పుట్టుకతోనే రాలేదు.

ఆ షెడ్డుకొక రివాజు ఉంది. పని అయిపోయాక గొంతుదాకా నీళ్ళు నింపిన బిందె బండిలో పెట్టి, ఆ బండి రోజూ తిరగాల్సిన దోవలోనే ఒక చుట్టు తిప్పుతుంది. నీళ్ళు ఒలికాయా, బండి తిరిగి షెడ్డులోకే. యజమాని ఎంత మొత్తుకున్నా తాళంచెవి ఆమె కొంగుముడి దాటి బయటికి రాదు.

అయితే కొన్నాళ్ళుగా జహరాబీ మనసు బండ్ల మీద లేదు, నీళ్ళ ట్యాంకరు మీద ఉంది. ఆమె ఉండే కాలనీకి నిరుడే రోడ్డు వేశారు. మొదటి వానకు తారు కొట్టుకుపోయి గుంతలు మిగిలాయి. బిల్లు మాత్రం ఎక్కడా కుదుపు లేకుండా పాసయిపోయింది. ఆ గుంతల్లో యాక్సిల్ విరిగిన రోజు నుంచి ట్యాంకరు డ్రైవరు పేతురు కాలనీ మొదట్లో కాలవ మీదున్న మోరీ దగ్గరే ఆపేస్తున్నాడు. అక్కడినుంచి బిందెలు మోసేది ఆడవాళ్ళు. అర్జీలిచ్చారు, మండలాఫీసు మెట్ల మీద కూర్చున్నారు. "వచ్చి పరిశీలిస్తాం" అన్నారు. పరిశీలించాలంటే ఆ రోడ్డు మీదే రావాలి కాబట్టి ఎవరూ రాలేదు.

రోడ్డు వేసిన కాంట్రాక్టరు వెంకటకృష్ణ. కాలనీ దాటాక, అదే రోడ్డు చివర, ఆయన బంగళా. ఇన్నాళ్ళూ ఎత్తైన జీపులో తిరిగాడు గనక తాను వేసిన గుంతలు తన నడుముదాకా రాలేదు. అట్లాంటి మనిషి బెంగళూరుకు పోయి ఎర్రటి స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. రెండే సీట్లు, కిందినుంచి కోడి కూడా దూరలేదు. మొదటి రోజే మోరీ దాటగానే గుంతలో పొట్ట ఆనించి కూర్చుంది. లారీ మీద ఎక్కించి షెడ్డుకు తెచ్చారు.

"జహరక్కా, సస్పెన్షన్ మొత్తం మార్చెయ్. సామాను నేనే తెప్పించినాను, ఎత్తు పెంచుకోవచ్చంట, తగ్గించుకోవచ్చంట. గిద్దలూరు నుంచి మా బావమరిది నరేంద్ర ఆదివారం వస్తాడు, ఎక్కించుకొని తిప్పాల. ఇట్లాంటి కారు చేసినావా ఎప్పుడన్నా?"

"చక్రాలున్నాయి గదన్నా దీనికి? అయితే చేసినట్టే."

ఆయన అట్ల పోగానే పక్కింటి కోటమ్మ ఇట్ల వచ్చింది. "ఏందక్కా, ఆయన నడుం సుఖపడితే ఇంక మన రోడ్డు సంగతి ఆయనకు గుర్తుంటదా? ఏదో ఒకటి చెడగొట్టు."

"చెడగొట్టే పని నాకు చేతకాదు కోటమ్మా."

"మా ఆటోకు చేసినావు గదా!"

"అది మీ ఆయన తోలినందుకు చెడింది."

అన్నదే గానీ కోటమ్మ మాట గుచ్చుకుంది. పని బాగా చేస్తే ట్యాంకరు రాదు. చెడగొడితే తన చేయి తనది కాదు. సరే, చేతనైనట్టే చేద్దామనుకుంది. కానీ ఆ చేతికి తెలిసింది లారీలే. అలవాటు కొద్దీ స్ప్రింగులన్నీ లోడెక్కే బండికి బిగించినట్టు బిగించేసింది. ఆవరణలో ఒక్క చుట్టు తిప్పేసరికి కారు మేకపిల్లలా ఎగిరింది, జహరాబీ తల కప్పుకు కొట్టుకుంది.

"రాళ్ళు మోసే బండి కాదే అది, షోకు మోసే బండి" అన్నాడు నిజాముద్దీన్.

పెళ్ళయ్యాక మొదటిసారి మొగుడి సలహా విన్నది. మళ్ళీ విప్పింది, వదులు చేసింది, ఎత్తు పెంచింది. ఈసారి కారు ఆవరణలో తెప్పలా తేలింది. ఇక మిగిలింది బిందె.

వెనక సీటు లేదు. బిందె పెట్టే చోటు, కారు తీసుకుపోను వచ్చిన వెంకటకృష్ణ ఒడి ఒక్కటే. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడతలు, మీద నీళ్ళ బిందె. జహరాబీ స్టీరింగు పట్టుకుని మోరీ దాటించింది.

"అక్కా, నిదానం! నిదానం!"

"ఇంతకంటే నిదానమంటే దిగి తోయాల. యాడ గుంతుందో చెప్పన్నా, తప్పిస్తా. వేసింది మీరే గదా."

బంగళా చేరేసరికి బిందెలో సగం మిగిలింది. మిగతా సగం ఆయన ప్యాంటు తాగింది.

"పర్లేదులే, కారిచ్చెయ్."

"ఒలికింది గదన్నా. నా పని ముగిసినట్టు కాదు, ఎట్లిస్తా?"

దబాయించే ధైర్యం వెంకటకృష్ణకు లేదు. ఆయన టిప్పర్లన్నీ ఆమె కట్టలు కడితేనే నడిచేది. "అయితే ఇంకా మంచి స్ప్రింగులు వెయ్!" అన్నాడు.

"వీటికంటే మంచివి లేవు. కింద భూమి ఉంటేనే స్ప్రింగు పనిచేసేది."

మర్నాడు కూలీలు దిగారు. కాలనీ అంతా మురిసిపోయి చూడబోయింది. తీరా చూస్తే ఆ పెద్దమనిషి పూడ్పించింది రెండు సన్నటి చారలు, సరిగ్గా తన కారు చక్రాలు పోయేంత మేర. మధ్య గుంతలు మధ్యలోనే, పక్క గుంతలు పక్కనే. ప్రజల సొమ్ముతో వేసిన రోడ్డును సొంత పాపిడిలా గీయించుకున్నాడు.

మళ్ళీ బిందె, మళ్ళీ ఒడి. చారల మీద కారు చక్కగా పోయింది, నీళ్ళు కదల్లేదు. వెంకటకృష్ణ మీసం తడుముకుంటుండగా ఎదురుగా పేతురు ఖాళీ ట్యాంకరు ఊగుతూ వచ్చింది. ఆ పూటే మోరీ దాటి ఎందుకొచ్చిందో కోటమ్మనడగాలి.

"పక్కకు తియ్యద్దు!" అని అరిచాడు వెంకటకృష్ణ.

"ఎదురుగా బండొస్తే తియ్యకుంటే ఎట్లన్నా?" అంటూ జహరాబీ పక్కకు తీసింది. ఈసారి బిందె మొత్తం ఆయన మీదే బోర్లపడింది.

శుక్రవారం రోడ్డు రోలరు వచ్చింది. ఈ చివరినుంచి ఆ చివరిదాకా, ఈ అంచునుంచి ఆ అంచుదాకా కంకర, తారు. జహరాబీ పక్కనే నిలబడి మందం చూసింది, చాలకపోతే మళ్ళీ పోయించింది. శనివారం చుక్క ఒలకలేదు. తాళంచెవి ఇచ్చేసింది.

ఆదివారం నరేంద్రను పక్కన కూర్చోబెట్టుకుని వెంకటకృష్ణ కారు తీశాడు. కాలనీ మధ్యలో ట్యాంకరు నిలబడి ఉంది, చుట్టూ ఆడవాళ్ళు. హారన్ కొట్టాడు. ఎవరూ తిరిగి చూడలేదు. మళ్ళీ కొట్టాడు.

"ఏంది బావా, పక్కనుంచి పోలేమా?" అన్నాడు నరేంద్ర.

పైపు కింద బిందె పట్టుకున్న జహరాబీ తల తిప్పకుండానే అంది: "రోడ్డు ఇంకాస్త వెడల్పు వేసుంటే పోయేవాళ్ళే గదన్నా!"

కోటమ్మ ఇంకో బిందె ముందుకు జరిపింది. వెంకటకృష్ణ ఇంజను ఆపేశాడు.