రెడ్డెప్ప పోయాక మిగిలిన తుపాకి

పెద్దపంజాణి పక్క పల్లెలో గంగులమ్మ భర్త రెడ్డెప్పకు ఒంటిగొట్టం తుపాకి ఉండేది. చెనక్కాయ చేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికని లైసెన్సు తీసుకున్నాడు. 1998లో ఆయన గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ అయిన వారానికే కానిస్టేబుల్ వచ్చాడు.

"లైసెన్సు మీ ఆయన పేరున ఉండాది. ఆయన లేడు గదా! ఇంట్లో తుపాకి పెట్టుకుంటే నేరమమ్మా," అన్నాడు. మరేం చేయాలో మాత్రం చెప్పకుండానే వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి జీపు చప్పుడైతే చాలు, గంగులమ్మ తలుపు గడియ పెట్టేసుకునేది. ఒకరి చేలో కంకి కూడా తుంచి ఎరగని మనిషి, తనింట్లో తానే దొంగలా తిరగసాగింది.

రెడ్డెప్ప స్నేహితుడు ఆదెప్పది శాంతిపురం దగ్గర పల్లె. పరామర్శకు వచ్చి విషయం విన్నాడు.

"ఏనుగులు నా అరటితోట తొక్కేస్తాండాయి అక్కా. నాకు లైసెన్సు ఉండాది గానీ, నా పాత తుపాకి పేలదు. మీ ఇంట్లోది నాకు అమ్మేయి," అన్నాడు.

గంగులమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని స్టేషన్‌కు వెళ్లింది.

"అమ్మే ముందు దగ్గరుండే స్టేషన్‌కు రాసిచ్చి, నలభై ఐదు దినాలు ఆగాల," అన్నాడు అక్కడ రికార్డులు రాసే రైటరు.

"దగ్గరంటే నాకు దగ్గరా సార్, ఆదెప్పకు దగ్గరా?"

రైటరు పెన్ను ఆపి ఆలోచించాడు. "అది మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో అడగాలమ్మా."

మదనపల్లెలో గుమాస్తా, వారసురాలినని సర్టిఫికెట్టు తెమ్మన్నాడు. మూడు నెలలు తిరిగి తెచ్చేసరికి ఆ కుర్చీలో వేరే మనిషి ఉన్నాడు. "ఇన్నాళ్లూ ఇంట్లోనే పెట్టుకున్నావా? ముందు స్టేషన్‌లో అప్పజెప్పు," అని కసిరాడు. భయపడి అప్పజెప్పింది. తీరా ఆదెప్ప స్టేషన్‌కు వెళ్లి అడిగితే, అప్పజెప్పిన తుపాకి అమ్మకూడదన్నారు. కుప్పంలో వకీలు అమ్మవచ్చన్నాడు. మళ్లీ పుస్తకం తిరగేసి, రెండూ నిజమేనేమో అన్నాడు.

అర్జీ మీద అర్జీ పెడుతూ మూడేళ్లు గడిచాయి. ఒక తెల్లవారుజామున డబ్బా వాయిస్తూ ఏనుగులను తోలబోయి, ఆదెప్ప గట్టు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. గంగులమ్మ కుప్పం వెళ్లి, ఆసుపత్రిలో అతని మంచం పక్కన కూర్చుని ఏడ్చింది.

"ఆ పొద్దే నీ చేతికి ఇచ్చేసుంటే నీకీ గతి పట్టేది కాదు గదప్పా!"

"ఇచ్చుంటే ఇద్దరం జైల్లో ఉందుము అక్కా. ఉండకపోదుమేమో కూడా. ఎవురికి తెలుసు?"

2004లో, అమ్ముకోవచ్చని మదనపల్లె నుంచి కాగితం వచ్చింది. అప్పటికే ఆదెప్ప తోట కౌలుకిచ్చి, లైసెన్సు వదులుకుని, బెంగళూరులో కూతురి దగ్గర ఉంటున్నాడు. గంగులమ్మ ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది.

"ఇప్పుడా తుపాకి ఎవురిది సార్? నాదా, సర్కారుదా?"

కొత్త రైటరు రిజిస్టరు అటూ ఇటూ తిప్పాడు. "నాకూ తెలీడం లేదమ్మా. ఇంకో అర్జీ పెట్టు."

"నావల్ల కాదు సార్. మీరే పెట్టుకోండి," అని కాగితం బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. అలా వదిలేసి రావడం కూడా నేరమేమోనన్న అనుమానం, ఊరికి బస్సెక్కాక కూడా ఆమెను వదల్లేదు.