నిలువక్క మోచెయ్యి

ఆమెకు లోకమంతా నిలువుగానే కనిపిస్తుంది. తలుపులు, దీపస్తంభాలు, బస్సు కోసం విసుగ్గా నిలబడ్డ మనుషులు, పై నుంచి దూకే పిల్లలు. కెమెరా చేతిలోకి రాగానే దానంతటదే నిలువుగా తిరిగిపోతుంది. ఈతకొలను పిల్లలు అందుకే నిలువక్క అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

ఆ కొలనులో ఒక పద్ధతి ఉంది. డైవింగ్ నేర్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు చివరి రోజున అన్నిటికన్నా ఎత్తైన బల్ల మీద నుంచి ఒకే ఒక్కసారి దూకుతారు. బతిమాలినా రెండోసారి ఉండదు. ఆ ఒక్క డైవూ నిలువు ఫోటోగా నడవా గోడ ఎక్కుతుంది. పందొమ్మిదేళ్ళుగా ఆ గోడ మీదివన్నీ నిలువక్క తీసినవే.

కిందటిసారి భుజం మోసం చేసింది. కెమెరాను నిలువుగా తిప్పితే కుడి మోచెయ్యి చెవి దాకా లేవాలి. బిగుసుకుపోయిన భుజం సగంలోనే మొరాయించింది. ఫోటోలో కుర్రాడికి పాదాలు లేవు. గోడ మీద ఆ చోటు ఇంకా ఖాళీ. కోచ్ మెత్తని మనిషి. ఈసారీ కుదరకపోతే వేరేవాళ్ళని పిలుస్తానని, ఏమీ అనుకోవద్దని, నేల చూస్తూ చెప్పాడు. తిట్టినా బాగుండేది.

ఆమె మరిది కెమెరాలు బాగుచేస్తాడు. బిస్కెట్ డబ్బాల నిండా స్క్రూలు, గోడ నిండా చచ్చిన కెమెరాలు. వాటిలో ఒకదాని నుంచి బ్యాటరీ గ్రిప్ ఊడదీసి వదిన కెమెరా అడుగున బిగించాడు. మందంగా, ఇటుక ముక్కలా ఉంది. లోపల రెండు బ్యాటరీలు, చివర ఇంకో షట్టర్ బటన్. కెమెరా నిలువుగా తిరిగినా చెయ్యి కిందే ఉండి ఆ బటన్ నొక్కొచ్చు. మోచెయ్యి లేవక్కర్లేదు.

కానీ అడ్డంగా పట్టుకున్నప్పుడు అరచేతి మొదలు ఆ బటన్‌కే తగిలేది. మెమరీ కార్డు నిండా నేల పలకలు, ఎవరివో తడి పాదాలు, నీళ్ళలో వణికే దీపాలు. మరిది అవి చూసి నవ్వాడు.

"వదినా, నీ వేళ్ళు సరే, అరచెయ్యి కూడా ఫోటోలు తీస్తోందే."

అప్పుడే గ్రిప్ బటన్లను ఆపేసే చిన్న మీట చూపించాడు. అడ్డంగా తీసేటప్పుడు అది వేసెయ్యాలి, నిలువుగా తిప్పే ముందు తీసెయ్యాలి. మర్చిపోతే గ్రిప్ మీది బటన్లేవీ పనిచెయ్యవు.

ఆమె వారమంతా వరండాలో కొక్కేనికి వేలాడే వాన కోటును ఫోటోలు తీసింది. బొటనవేలు వెతికే చోటుకు అంగుళం పక్కన ఉంది గ్రిప్ మీది ఫోకస్ బటన్. నిద్రలో కూడా వేలు దాన్ని వెతుక్కునేది. ఒక మధ్యాహ్నం కునుకులో కొలను తలకిందులుగా కనిపించింది. పైన నీళ్ళు, కింద బల్ల. పిల్లలు నీళ్ళలోంచి రాలి, దూదిపింజల్లా తేలుతూ బల్ల మీద వాలుతున్నారు. కెమెరా కూడా తిరగబడే ఉంది. ఆమె చెయ్యి గడ్డం కింద ఉంది. నొప్పి లేదు.

వారం తిరిగాక దూకాల్సింది పొడుగమ్మాయి. ఆరేళ్ళప్పుడు నిచ్చెన చూసి ఏడ్చిన పిల్ల. ముందు కోచ్‌తో, స్నేహితులతో గుంపు ఫోటో అడిగింది. నిలువక్క మీట వేసి, అడ్డంగా తీసింది. పొడుగమ్మాయి నిచ్చెన ఎక్కింది. కిటికీల్లోంచి పడ్డ ఎండ నీళ్ళ మీద కదిలి, పైకప్పు మీద ఊగుతోంది.

నిలువక్క కెమెరా తిప్పింది. బొటనవేలితో గ్రిప్ మీది ఫోకస్ బటన్ నొక్కింది. ఫోకస్ కదల్లేదు. మళ్ళీ నొక్కింది. లేదు.

మీట.

పైన మడమలు లేచాయి. కంటి నుంచి కెమెరా తీసి మీట వెతికే లోపల పిల్ల నీళ్ళలో ఉంటుంది. మోచెయ్యి పైకెత్తబోయింది, భుజం భగ్గుమంది. అప్పుడు చెయ్యి, ఎవరినీ అడక్కుండా, కెమెరాను రెండో వైపుకి తిప్పేసింది. అసలు షట్టర్ బటన్ కిందికొచ్చింది. గ్రిప్ ఎడమ పక్కకెళ్ళింది. మోచెయ్యి పక్కటెముకలకి ఆనుకుంది, చెయ్యి గడ్డం కింద, కునుకులో ఉన్నట్టే. పొడుగమ్మాయి గాలిలో నిటారుగా సాగింది. ఆమె నొక్కింది.

సాయంత్రం మరిది కెమెరా తీసుకుని చూశాడు. కాలివేళ్ళ నుంచి చేతివేళ్ళ దాకా పిల్ల మొత్తం ఉంది, కింద జానెడు గాలి, దాని కింద నీళ్ళు. గ్రిప్ మీది మీట ఇంకా వేసే ఉంది. అతను దాన్ని వేలితో తట్టాడు.

"ఇదసలు వాడనే లేదా?"

"లేదు. రెండో వైపుకి తిప్పాను."

"పందొమ్మిదేళ్ళూ తిప్పొచ్చుగా వదినా? వెన్న చేతిలో పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరిగినట్టుంది."

నిజమే. మొదటి రోజు ఎటు తిప్పిందో రోజూ అటే తిప్పింది, అంతే.

అతను గ్రిప్ విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది. వారంలో బరువు అలవాటైంది. పైగా ఆ తడి పాదాల ఫోటోలు ఇంకొన్ని కావాలట.

మర్నాడు పొద్దున నడవాలో కోచ్ కొత్త ఫోటో కోసం మేకు కొడుతున్నాడు. పని కానిచ్చి, వచ్చే నెల ఎవరు వెళ్ళిపోతున్నారో ఆమెకు చెప్పాడు. ఈసారి నేల చూడలేదు.