బండి అవ్వ పేరు మీద, ప్రయాణం కొడుకుది

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ళ ముందు, జూన్ నెలలో, నన్ను మంచిర్యాల బ్రాంచి నుంచి లక్సెట్టిపేట ఆఫీసుకు బదిలీ చేశారు. అది ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫీసు. అందులో ఉండేది ఇద్దరమే. ఇన్‌చార్జి మేడం ఆఫీసర్, నేను అటెండర్. నేను చదివింది అయిదో తరగతి. ఆఫీసులో పేర్లూ బండి నంబర్లూ తప్ప ఏమీ రాయలేదు. ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

అటెండర్ అంటే ఫైళ్ళు మోసేవాడని అనుకుంటారు. చిన్న ఆఫీసులో అట్లా కాదు. బీమా గడువు దాటిపోయిన మోటారుబండికి మళ్ళీ పూర్తి పాలసీ ఇవ్వాలంటే ముందు బండిని చూడాలి. ఆ పని నాదే. బండి మెడ దగ్గర ఇనుము మీద చాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే నంబరు కాగితం మీదికి వస్తుంది. ఆ కాగితం ఫైల్లో పెడితేనే మేడం సంతకం చేసేది. రుద్దడం అయ్యాక, రాయడం రానివాళ్ళకు ఫారం కూడా నేనే నింపేవాణ్ణి. బండి సీటే నా టేబుల్.

రాజేశం అట్లానే తెలుసు నాకు. లక్సెట్టిపేటలోనే ఇల్లు. మరమగ్గాల మీద నేసిన తువ్వాళ్ళు, లుంగీలు మూటకట్టి బండి వెనక వేసుకుని మందమర్రి పోయి, బొగ్గు బాయి కార్మికుల కాలనీల్లో అమ్ముతాడు. పోను రాను రోజుకు ఎనభై కిలోమీటర్ల పైనే. ముందొక బొగ్గు లారీ, వెనకొక బొగ్గు లారీ. ఏటా గడువు నాలుగైదు నెలలు దాటాక వచ్చేవాడు. ఏటా నేను పెన్సిల్ రుద్దేవాణ్ణి, ఫారం నింపేవాణ్ణి.

నాలుగో ఏడు మాత్రం గడువుకు అయిదు రోజుల ముందే వచ్చాడు. వచ్చి కూర్చోలేదు. ఫోన్‌లో బండి బీమా ధర తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఏంది గంగన్నా గీ కథ? ఫోన్ల గింత తక్కువ చూపెడుతుంది. మీరేమో మీదికెళ్ళి మూడొందలు గుంజుతున్నరు. గిన్నేండ్లు నన్ను పిచ్చోన్ని చేసిన్రా?"

నలుగురు పాలసీదారులు కూర్చుని ఉన్నారు. అందరూ నా వైపు తిరిగారు. మేడం మాత్రం నవ్వి, రెండు ధరలూ పక్కపక్కన పెట్టి వరుసగా చూద్దామంది. ధర పోల్చేటప్పుడు చివరి అంకె చూడొద్దు, ఒక్కో వరుస చూడాలి అని ఆమె ఎప్పుడూ చెప్పేది.

మొదటి వరుస థర్డ్ పార్టీ. అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకు నష్టమైతే కట్టేది. అది సర్కారు పెట్టిన ధర, ఏ కంపెనీలోనైనా ఒకటే. రెండో వరుస మన బండికి నష్టమైతే ఇచ్చేది. పాత బండి కాబట్టి అందులో పెద్ద తేడా లేదు. మూడో వరుసలో మా దగ్గర మూడు వందల పైచిలుకు ఉంది. ఫోన్‌లో అసలు ఆ వరుసే లేదు. అది ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా. బండి ఓనర్ బండి నడుపుతూ ప్రమాదంలో పోతే ఇంటివాళ్ళకు పదిహేను లక్షలు వస్తాయి.

"ఫోన్‌లో నిన్ను ఏమైనా అడిగిందా?" అంది మేడం.

"అడిగింది మేడం. ఓనర్‌కు లైసెన్స్ ఉందా అన్నది. లేదని కొట్టిన. బండి మా అవ్వ పేరు మీద ఉన్నది. మా అవ్వకు లైసెన్స్ యాడిది? సైకిల్ గూడ తొక్కరాదు."

మేడం నా వైపు చూసింది. నేను పాత ఫైలు తీశాను. మూడేళ్ళ ఫారాలు. మూడింటిలోనూ ఓనర్ పేరు లచ్చవ్వ. మూడింటిలోనూ ఓనర్‌కు లైసెన్స్ ఉందనే గడిలో టిక్కు. టిక్కు నాది. ఓనర్ ఎవరో రాశాను కానీ, నడిపేది ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు. ఫోన్ అడిగిన ముక్క నేను అడగలేదు.

దాచిపెడదామా అని ఒక నిమిషం అనిపించింది. రాజేశం ఫిర్యాదు రాస్తే రిటైర్మెంట్ ముందు నాకు మెమో వస్తుంది. కానీ అతను రేపు పొద్దున్నే మళ్ళీ ఆ లారీల నడుమకు పోతాడు. చెప్పేశాను. ఆ డబ్బులు మీ అవ్వ కోసం కట్టావు, ఆమె బండి నడపదు, లైసెన్స్ లేదు, కాబట్టి ఆ బీమా ఆమెకూ రాదు, నీకూ రాదు, తప్పు నాది అన్నాను.

రాజేశం కోపం దిగిపోయింది. అదే నాకు ఇంకా కష్టంగా తోచింది.

"అంటే గీ మూడేండ్ల సంది నాకేమన్న అయితే ఇంటికి పైసలు రాకపోతుండెనా?"

"వచ్చేవి కావు."

"ఇద్దరు ఆడపిల్లలున్నరన్నా నాకు. పదిహేను లచ్చలున్నయన్న ధైర్యంతోనే పోతున్న గా రోడ్డు మీద."

బండిని నీ పేరు మీదికి మార్చుకుంటే సరిపోతుంది అంది మేడం. అతను తల గోక్కుని, అది మా అవ్వతో మీరే మాట్లాడాలి అని వెళ్ళిపోయాడు.

మర్నాడు రాజేశం వెంట అతని తల్లి లచ్చవ్వ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. వస్తూనే నన్ను పట్టుకుంది.

"ఏం తమ్మీ, నా పేరెందుకు కొట్టేస్తున్నరు? నేనేం తప్పు చేసిన?"

"తప్పు కాదక్కా. బండి నడిపేది నీ కొడుకు కదా, ఆయన పేరు మీద ఉంటే..."

"వీని పేరు మీదనా? వీనికి ఇనుము అచ్చిరాదని పంతులు వీడు పుట్టినప్పుడే చెప్పిండు. ఇంట్ల మగ్గం గూడ వీని పేరు మీద పెట్టలే. నా పేరు మీద ఉన్నది కాబట్టే గిన్నేండ్లు గీత పడకుండ తిరుగుతుండు."

మేడం ఓపికగా, అయితే మీరే లైసెన్స్ తీసుకోండి అమ్మా అంది. ఆమె తమాషాకే అంది. లచ్చవ్వ మాత్రం నిజమే అనుకుంది.

"ఇస్తరా? అయితే నేర్చుకుంట. జర నేర్పురా రాజేశం."

"అవ్వా, నీకు దండం పెడ్త. నన్ను గీ ఊర్ల బతకనియ్యి" అన్నాడు రాజేశం. ఆఫీసంతా నవ్వింది. లచ్చవ్వ కూడా నవ్వింది కానీ పేరు మార్పుకు వేలిముద్ర వేయనంది.

అప్పుడు నాకు ఒకటి తోచింది. మా దగ్గర ఇంకో పాలసీ ఉంది, మనిషికి ఇచ్చే ప్రమాద బీమా. దానికి బండి ఎవరిదో అక్కర్లేదు. నడుస్తూ ఉన్నా, బస్సులో ఉన్నా, బండి మీద ఉన్నా ప్రమాదం జరిగితే వర్తిస్తుంది. బండి నడిపేటప్పుడైతే చెల్లే లైసెన్స్ ఉంటే చాలు, అది రాజేశానికి ఉంది. మేడంను అడిగాను. పదిహేను లక్షలకు ఇవ్వొచ్చు అంది.

"అక్కా, ఇనుము నీ పేరు మీదనే ఉండనియ్యి. కాయితం ఒక్కటి నీ కొడుకు పేరు మీద రాస్త. కాయితం ఇనుము కాదు కదా?"

లచ్చవ్వ సరేనంది కానీ, ఆ కాగితాన్ని బండి డబ్బాలో పెట్టొద్దని షరతు పెట్టింది. ఇంట్లో బీరువాలో పెట్టుకోమన్నాను. బీరువా కూడా ఇనుమే కదా అన్నాడు రాజేశం. లచ్చవ్వ వాణ్ణి నోరు మూసుకోమని, ప్లాస్టిక్ బియ్యం డబ్బాలో పెడతానంది.

ఫారం ఈసారి కూడా నేనే నింపాను, ఒక్కో గడి చదివి వినిపిస్తూ. నామినీ దగ్గర ఆగాను. అంటే మనిషి పోతే డబ్బు ఎవరికి ఇవ్వాలో ఆ పేరు. రాజేశం తల్లి వైపు చూశాడు.

"నా దిక్కు చూస్తవేంది? కోడలి పేరు రాయి తమ్మీ. పిల్లలను సాదాల్సింది గామె. నేనెన్నొద్దులు ఉంట?" అంది లచ్చవ్వ.

బండి పాలసీలో ఓనర్-డ్రైవర్ వరుస తీసేశాం. ఏడాదిలో క్లెయిమ్ ఏదీ చేయలేదు, గడువుకు ముందే వచ్చాడు కాబట్టి సొంత నష్టం ధరలో బోనస్ కింద ఇరవై శాతం తగ్గింది. గడువు దాటి మూడు నెలలైతే ఆ బోనస్ పోతుంది. అట్లా పోగొట్టుకుంటున్నానని అతనికి తెలియనే తెలియదు. రెండు పాలసీలూ కలిపితే ఫోన్ చూపిన దాని కన్నా ఎక్కువే అయింది. రాజేశం మళ్ళీ ఫోన్ తీయలేదు. మూడేళ్ళు ఊరికే కట్టిన ఆ డబ్బులు తిరిగివ్వమని మేడం పై ఆఫీసుకు రాసింది. అవి వచ్చేదాకా రోజూ చాయ్ నీదే అన్నాడు రాజేశం. తాగించాను. అతను ఫిర్యాదు రాయలేదు.

ఆ వారమంతా పాత ఫైళ్ళు తీసి కూర్చున్నాను. ఒక బండి ఓనర్ దుబాయిలో ఉన్నాడు, తమ్ముడు నడుపుతున్నాడు. ఒక బండి ఓనర్ చనిపోయి రెండేళ్ళయింది, అల్లుడు నడుపుతున్నాడు. ఇంకొకటి భార్య పేరు మీద, ఆమెకు పెట్రోల్ ఎక్కడ పోస్తారో తెలియదు. అన్నిట్లోనూ నా టిక్కే ఉంది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలిపించాము.

బండి బీమా ఎక్కడ తక్కువకు దొరుకుతుందని ఇప్పటికీ నన్ను అడుగుతారు. నాలుగు చోట్ల అడగండి, గడువుకు ముందే అడగండి, వరుస వరుస పోల్చండి అంటాను. కానీ అంతకన్నా ముందు బండి ఎవరిది, నడిపేది ఎవరు, ఆ రెండూ చెప్పమంటాను. ఎవరికీ రాని బీమా ఎంత తక్కువకు దొరికినా దండుగే.