పైడమ్మ పాప ముఖం

1952 మార్చి 11, మంగళవారం, ఉదయం తొమ్మిదిన్నర. మలయాలోని సుంగై సిపుట్ బజారులో నేను పనిచేసే ఫోటో స్టూడియో తెరిచి అరగంట అయింది. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాలను అణచడానికి సర్కారు ఎమర్జెన్సీ పెట్టినప్పటి నుంచి మాకు ఎక్కువగా గుర్తింపు కార్డుల ఫోటోలే వచ్చేవి. చూపు నేరుగా ఉండాలి, చెవులు కనిపించాలి. నా పని రీటచింగ్, అంటే నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలు సరిదిద్దడం. ఆపైన టింటింగ్, అంటే నలుపు తెలుపు ఫోటోకు దూదితో రంగులు అద్దడం.

నా బల్ల ఎదుటి గోడకు ఒక ఫ్రెంచి చిత్రం అచ్చు ఉండేది. మిషన్ బడి టీచరమ్మ ఊరు విడిచి వెళ్తూ ఇచ్చింది. ఇంప్రెషనిస్టుల కాలం నాటిది. స్నానమైన బిడ్డను తల్లి ఒళ్ళో పెట్టుకుని తుడుస్తుంటుంది. ఇద్దరూ ఒకరిలో ఒకరు మునిగిపోయి ఉంటారు, మనవైపు చూడరు. చర్మం మీది నీడ నలుపు కాదనీ, అందులో నీలం, పచ్చ ఉంటాయనీ నేను ఆ బొమ్మ చూసే నేర్చుకున్నాను.

ఆ ఉదయం వచ్చిన మనిషి పైడమ్మ. మా నాన్న కిరాణీగా, అంటే గుమాస్తాగా, పనిచేసిన రబ్బరు ఎస్టేటులో చెట్లకు గాట్లు పెట్టి పాలు గీసే మనిషి. చంకలో రెండు నెలల ఆడపిల్ల. పిల్ల పుట్టకముందే భర్త సింహాచలాన్ని, అడవిలోవాళ్ళకు సాయం చేశాడన్న అనుమానంతో, పోలీసులు పట్టుకుపోయి క్యాంపులో పెట్టారు. ఇప్పుడు ఓడెక్కించి ఇండియాకు పంపేస్తున్నారు. బిడ్డను అతను ఒక్కసారైనా చూడలేదు.

"కిరాణీగారమ్మాయీ, ఓడ ఎల్లిపోకముందే ఆడికి పిల్ల బొమ్మ అందాల. కానీ మొకం తియ్యకూడదు."

"మొహం లేకుండా ఫోటో ఏమిటి పైడమ్మక్కా?"

"ఏడాది నిండకుండా మొకం తీస్తే దిట్టి తగుల్తాది. మాయమ్మ సెప్పింది. నీకు పిల్లల్లేరు గదా, నీకేటి తెలుస్తాది!" అని నవ్వి, గోడ మీది బొమ్మ చూసి ఆగిపోయింది. "ఇదిగో, ఇలాగ తియ్యి. దొరసానికి తుడవడం రాదు గానీ బొమ్మ బాగుంది. నాను నీళ్ళోస్తాను, మీరు తియ్యండి."

మా తౌకే, అంటే యజమాని, లిమ్ తల అడ్డంగా ఊపాడు. "ముకా మానా? తా బోలే లా." ముఖమేదీ, కుదరదు అని. నేను ఒప్పించాను.

పైడమ్మ చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పిల్లను బోర్లా పడుకోబెట్టుకుంది. "నలుగుపిండి తెచ్చినాను. ఎస్టేటు గేటుకాడ పోలీసోడు తిండిసరుకని మట్టిలో పారబోసినాడు. అడవిలోవోళ్ళకి పెసరపిండితో నీళ్ళోస్తానా నాను?" అంటూనే నూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళు పోసింది. పిల్ల ఏడుపు మాని తల్లి మోకాలికి చెంప ఆనించింది. తౌకే ఒక్క గాజు ప్లేటు మీద ఫోటో తీశాడు. ముఖం కనిపించేలా ఇంకొకటి తీద్దామన్నాను. "ఏడు నిండనీ, పట్టుపరికిణీ కట్టి తెస్తాను" అంది. నేను చెంపకు లేత గులాబీ, వీపు మీది నీడకు నీలం అద్దాను. ఓడ బయల్దేరకముందే ఫోటో అతనికి చేరింది.

ఆగస్టు 4, సోమవారం, పైడమ్మ మళ్ళీ వచ్చింది. చంక ఖాళీగా ఉంది.

"జొరమొచ్చి పోయింది" అంది. "ఆడు కబురంపినాడు. వీపు బాగుంది, మొకం కనపడే బొమ్మ పంపు అని. ఆడికింకా తెలీదు. నీ పెన్సిల్‌తో మొకం ఇటు తిప్పమ్మా. అదొక్కటీ సూపించి, అప్పుడు సెప్పిస్తాను."

చెంప తప్ప నెగటివ్‌లో ఏమీ లేదు. ముక్కు ఎలా ఉండేదని అడిగాను. కళ్ళు మూసుకుని, గాలిలో వేళ్ళతో తడిమింది. "తెలీడం లేదమ్మా. ఇక్కడ బరువు తెలుస్తంది" అని మోకాళ్ళ కింద, పిల్లను పడుకోబెట్టుకునే చోట, చెయ్యి పెట్టి చూపించింది. "తల కాడ నూనె వాసన తెలుస్తంది. ముక్కు..."

వేరే కాగితం మీద మూడు రోజులు గీశాను. గురువారం వచ్చి చూసింది. తర్వాత గోడవైపు చూసింది.

"ఇది దొరసాని పిల్ల గదమ్మా."

నిజమే. నా చేతికి తెలిసిన పసి ముఖం అదొక్కటే. అదే కళ్ళు, అదే గడ్డం.

"ఒద్దులే. ఆడు ఇంకెవరి పిల్లకో ఏడవడం ఎందుకు? సచ్చిపోయిందని రాయించీస్తాను" అని, కాగితం నా చేతిలోనే పెట్టి వెళ్ళిపోయింది.

ముప్పై ఏడేళ్ళు ఆ పని చేశాను. మసకబారినదాన్ని తేటపరచవచ్చు, మచ్చను మాపవచ్చు. వెలుతురు పడనిదాన్ని ఏ పెన్సిలూ తెచ్చివ్వదు. ఆ తర్వాత తల్లీబిడ్డలు ఎవరొచ్చినా రెండు తీయమనేదాన్ని: వాళ్ళు ఒకరినొకరు చూసుకుంటున్నది ఒకటి, మనల్ని చూస్తున్నది ఒకటి. దిష్టి అన్నవాళ్ళకు రెండో నెగటివ్ కడగకుండా దాచి, ఏడాది నిండాక రమ్మనేదాన్ని. కొందరు వచ్చారు.

1957లో, మెర్డేకాకు, అంటే స్వాతంత్ర్యానికి, ముందు, బజారంతా జెండాలు కడుతున్నప్పుడు తౌకే షాపుకు సున్నం కొట్టించాడు. పాత గాజు నెగటివులన్నీ, పైడమ్మ పాపదీ కలిపి, పారేయడానికి బండికెత్తించాడు. నేను ఆ రోజు సెలవులో ఉన్నాను.

పోయినవి ఇవి. ఆరు నెలల ఆడపిల్ల, ఒకటి. నెగటివ్, ఒకటి. గేటు దగ్గర మట్టిలో పోసిన పెసరపిండి, ఒక మూట. తండ్రి చూడని ముఖం, ఒకటి. తల్లి చూసీ చెప్పలేకపోయిన ముఖం కూడా అదే కాబట్టి రెండోసారి లెక్కవేయలేదు.