కొండ మీద బోర్లించిన గ్లాసు

ఎవరైనా దయ్యాల ముచ్చట్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. శ్మశానం పక్క నుంచే ఏళ్ల తరబడి స్కూటీ మీద ఆఫీసుకు వెళ్తున్నాను, ఏనాడూ ఏదీ కనబడలేదు. ఇది రాస్తున్నందుకు నా మీద నాకే విసుగ్గా ఉంది. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

మాది బాన్సువాడ. ఒక విత్తనాల కంపెనీలో పనిచేస్తాను. పోయినేడాది మా అన్న లివర్ చెడిపోయి చనిపోయాడు. తాగుడే కారణం. నా ముందు మాత్రం ఒక్కసారి కూడా తాగలేదు, అంత మర్యాద ఉండేది. వదిన పిల్లల్నీ పొలాన్నీ చూసుకుంటే, దవాఖానలో నాలుగు నెలలు నేనే ఉన్నాను.

చివరి వారంలో అన్న నా చెయ్యి పట్టుకుని, "ఒక్క సుక్క పొయ్యి చెల్లె, నోరు తడుపుకుంట" అన్నాడు. అప్పటికి రెండు రోజులుగా నాకు కంటి మీద కునుకు లేదు.

"నువ్వు సచ్చినా పొయ్య!" అని అరిచాను. నాలుగు రోజులకే పోయాడు.

పోయిన మూడో రోజు, కాకి ముట్టాలని పిట్టకు పెట్టేటప్పుడు అన్నకు ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించారు. వదిన చిన్న సీసా తెచ్చి పక్కన పెట్టబోతే లాక్కుని పారబోశాను. ఆయన్ని చంపిందే అది కదా అన్నాను. ఎండ నడినెత్తికొచ్చే దాకా నిలబడ్డా ఒక్క కాకీ ముట్టలేదు. చివరికి ఆవుకు పెట్టి ఇళ్లకొచ్చాం. ఆ రోజు నుంచి వదిన నాతో మాట్లాడలేదు.

కాకుల మీద నాకు నమ్మకం లేదు. కానీ వదిన మౌనం నన్ను లోపల్లోపల తినేసింది.

మొన్న చలికాలంలో ఆఫీసు వాళ్లం ఏడుగురం మహారాష్ట్రలో ఒక కొండ మీది వైనరీ చూడటానికి వెళ్లాం. నాకు వెళ్లాలని లేదు, మేనేజర్ వదల్లేదు. మద్నూర్ మీదుగా రాత్రంతా వ్యాన్‌లో కూర్చుని, నడుము పట్టేసి, పొద్దున పదకొండింటికి చేరాం. కింద చెరువు, చుట్టూ వలలు కప్పిన ద్రాక్షతోటలు. అందరూ ఆహా ఓహో అంటున్నారు. నాకు ఎక్కడైనా కాసేపు పడుకుంటే చాలనిపించింది.

గైడ్ అమ్మాయి హిందీలో చెబుతూ ద్రాక్ష పిండే మిషన్లు, స్టీలు ట్యాంకులు, చల్లటి గదిలో కర్ర పీపాలు చూపించింది. తర్వాత పైన ఆరుబయట కూర్చోబెట్టి టేస్టింగ్. రంగు చూడాలి, వాసన చూడాలి, నోట్లో తిప్పాలి, మింగడం ఇష్టం లేకపోతే బకెట్లో ఉమ్మేయాలి. నేను తాగనన్నా నా గ్లాసులో కూడా సగం దాకా ఎర్ర వైన్ పోసింది.

ఆ బకెట్ చూస్తుంటే ఏడుపొచ్చింది. అన్న ఒక్క చుక్క కోసం బతిమాలాడు. ఇక్కడ నోట్లో పోసుకున్నది ఉమ్మేస్తున్నారు.

గ్లాసు తీసుకుని చివరనున్న పిట్టగోడ దగ్గరికి వెళ్లాను. వేలు ముంచి మూడు చుక్కలు చిలకరించాను. "తాగు అన్నా. ఇగ నేనేమన" అని గ్లాసు గోడ మీద పెట్టాను.

ఇంతలో ఫొటోకు పిలిచారు. గోడకు పదడుగుల ఇవతల ఏడుగురం నిలబడ్డాం. తీసింది గైడే. ఆ వేళకు వేరే సందర్శకులు లేరు. గోడ అవతల లోయ. ఆ ఫొటో నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. మా వెనక గ్లాసు నిటారుగా, సగం దాకా ఎర్రగా కనిపిస్తుంది.

వెనక్కి తిరిగేసరికి గ్లాసు బోర్లించి ఉంది.

గాలికి పడితే పగలాలి. వైన్ ఒలికితే తడి ఉండాలి. చేత్తో తడిమి చూశాను. గోడ రాయి పొడిగా, ఎండకు వెచ్చగా ఉంది. గ్లాసు లోపల కూడా తడి లేదు.

ఎవరికీ చెప్పలేదు. పక్కకు వెళ్లి వదినకు ఫోన్ చేశాను. ఎత్తింది. "వదినె, అన్నకు పోసిన" అన్నాను, అంతే. గ్లాసు సంగతి చెప్పలేదు.

ఇన్నాళ్లకు వదిన గొంతు విన్నాను. "తాగినంక గ్లాసు బోర్లించిండా?"

గోడ మీది గ్లాసు వైపు తిరిగి చూశాను.

"ఇంట్ల రోజు గట్లనే చేస్తుండె. ఇగ చాలు అన్నట్టు" అంది.

"బోర్లించిండు వదినె" అన్నాను. ఇద్దరం ఏడ్చాం.

ఇప్పుడు వదిన రోజూ ఫోన్ చేస్తుంది. దయ్యాల మీద నాకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. అన్న అడిగింది ఒక్క చుక్క. గ్లాసంతా ఎలా ఖాళీ అయిందో నాకు తెలియదు.