సగమే చేరిన బంద్ కబురు

ఫెలోషిప్ ఇంటర్వ్యూలో మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, "మీరు పరిష్కరించాలనుకుంటున్న సమస్య ఏమిటి?" అని. నేనూ నా స్నేహితురాలూ ఒకేసారి "బంద్" అన్నాం. బల్ల అవతల కూర్చున్న పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేం బంద్‌లు ఆపుతామనుకున్నారో, చేయిస్తామనుకున్నారో తెలియదు.

"బంద్ కాదండీ, బంద్ ఉందో లేదో తెలియకపోవడం" అని నా స్నేహితురాలు సర్దింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. మేమిద్దరం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే కాలేజీలో డిగ్రీ చదివేవాళ్లం. మా వాళ్లు నల్గొండ వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో కిరాయికి ఉండేవారు. నాన్న లారీ నడిపేవాడు. ఆమెది గుంటూరు వైపు కుటుంబం, చైతన్యపురిలో సొంతిల్లు. వాళ్ల నాన్న కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఒక బంద్ రోజు మేమిద్దరం మలక్‌పేటలో ఉన్న పరీక్షా కేంద్రానికి ఎర్రటి ఎండలో నడుచుకుంటూ వెళ్తే గేటుకి తాళం వేసి ఉంది. "పరీక్ష ఎప్పుడో వాయిదా పడ్డదమ్మా. టీవీల చెప్పిండ్రు గద" అన్నాడు వాచ్‌మన్. మళ్లీ అదే రోడ్డు మీద వెనక్కి నడుస్తుంటే ఈ ఆలోచన పుట్టింది. ఒక నంబరు ఉంటుంది. దానికి మిస్డ్ కాల్ ఇచ్చినవాళ్లందరికీ రోజూ సాయంత్రం ఒక మెసేజ్ వెళ్తుంది, రేపు మన వైపు బంద్ ఉందో లేదో చెబుతూ. అంతే.

సమాజానికి పనికొచ్చే కొత్త ఆలోచనలున్న కుర్రకారుకు ఏడాదిపాటు అండగా నిలిచే ఫెలోషిప్ అది. మమ్మల్ని తీసుకున్నారు. సలహాలివ్వడానికి బెంగుళూరు నుంచి ఒక మెంటర్‌ని కూడా ఇచ్చారు. ఆయనకు తెలుగు రాదు. బంద్ అంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు.

పని మొదట్లో సులువుగానే ఉండేది. సాయంత్రం టీవీ స్క్రోలింగులు చూసేవాళ్లం, బస్ డిపోకి ఫోన్ చేసేవాళ్లం, చివరగా మా ఎదురింటి అన్నని అడిగేదాన్ని. అన్న ఉద్యమంలో మా ప్రాంతపు యువజన విభాగం అధ్యక్షుడు. ముగ్గురి మాటా కలిస్తే ఆమె ఇంట్లో కంప్యూటర్ నుంచి మెసేజ్ పంపేవాళ్లం.

కొన్నాళ్లకు జనం మిస్డ్ కాల్ ఇవ్వడం మానేసి నేరుగా మాట్లాడటం మొదలుపెట్టారు. బంద్ సంగతి ముందే చెప్పేవాళ్లు బంద్ చేయించేవాళ్లే అయ్యుంటారని ఎవరికి తోచిందో గాని, ఆ నమ్మకం మీర్‌పేట దాకా పాకింది.

"అమ్మా, నాదర్‌గుల్ల కొత్తిల్లు కట్టుకున్నం. గురువారం దావతు. బంద్ జర శుక్రవారానికి జరుపుండ్రి."

"మేం జరపలేమండీ" అనేది నా స్నేహితురాలు.

"పోనీ పొద్దుగాల పెట్టుకోండ్రి. మా దావతు రాత్రికే."

కోచింగ్ పిల్లలది ఇంకో గోల. "మేడమ్, సోమవారం మాక్ టెస్టుంది. ఏమీ చదవలేదు. చిన్న బంద్ అయినా పర్లేదు." ఒకావిడ రోజు విడిచి రోజు ఫోన్ చేసేది. "మా ఆడపడుచు బెజవాడ నుంచి వస్తానంటోందమ్మాయ్. బంద్ ఉందని నువ్వే ఓ మాట చెప్పకూడదూ? నేను చెబితే నమ్మదు."

ఆమె "లేదండీ" అంటే కొందరు "ఆంధ్రోళ్లు చెప్తే ఎట్ల నమ్మాలె?" అనేవారు. నేను "లేదు" అంటే ఇంకొందరు "మీరే కదమ్మా చేసేది, మీరు లేదంటే ఎలా?" అనేవారు. విసుగొచ్చి ఆమె "లేదన్నా, బస్సులు నడుస్తయ్" అనడం నేర్చుకుంది, నేను "లేదండీ, నిశ్చింతగా వెళ్లండి" అనడం నేర్చుకున్నాను. ఫోన్ ఎత్తగానే అవతలి గొంతు ఏ వైపుదో చూసి, దానికి తగిన యాస తీసేవాళ్లం. మా అమ్మ నా మాటలు విని, "ఏందే, గట్ల సినిమాలోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్?" అని నవ్వేది.

ఒక సాయంత్రం ఫోన్ మోగితే ఎత్తాను. అవతల ఎదురింటి అన్న.

"చెల్లె, రేపు బంద్ ఉన్నదా?"

"అన్నా, చేసేది మీరే గద!"

"పైనుంచి ఫోన్ రాలేదమ్మా. మీకేమన్న ఎరుకైందేమో అని."

ఆ తర్వాత నుంచి మేం ఆయన్ని అడగడం, ఆయన మమ్మల్ని అడగడం, ఇద్దరం టీవీ చూడటం.

మా మెంటర్‌కి ఇవేవీ పట్టలేదు. ఆయన దిగులంతా మెసేజ్‌లో ఫెలోషిప్ పేరు లేదని. ప్రతి మెసేజ్ సంస్థ పూర్తి పేరుతో మొదలవ్వాలన్నాడు. ఆ పేరు గూడ్సు బండంత పొడుగు. దాని వెనక ఒక నినాదం. ఆ తర్వాతే మా కబురు. తానే స్వయంగా వచ్చి పని చూస్తానని కూడా చెప్పాడు.

ఆయన వచ్చే రోజున బంద్ లేదని మూడు చోట్లా కనుక్కున్నాం. కొత్త పద్ధతిలో మెసేజ్ పంపి నిశ్చింతగా పడుకున్నాం.

పొద్దున్నే ఆమె ఫోన్. "ఏమేవ్, బంద్ లేదనే కదా పంపాం? మా వీధిలో పాలబూత్ కూడా మూసేశారేంటే?"

నేను బయటికి వచ్చి చూశాను. మా వైపూ అంతే. ఒక్క షటర్ లేవలేదు. ఫోన్ తీసి మెసేజ్ చదివాను. సంస్థ పేరు ఉంది. నినాదం ఉంది. చివర్న, 'రేపు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బంద్' అని ఉంది. అక్కడితో ఆగిపోయింది. ఒక మెసేజ్‌లో పట్టే అక్షరాలు అయిపోయాయి. మిగిలిన ముక్క రెండో మెసేజ్‌గా రావాలి, అది ఎక్కడో ఆగిపోయింది.

"'లేదు' రాలేదే" అన్నాను.

"ఏం లేదు? ఏం రాలేదు?" అని ఆమె అరిచింది. చదివి వినిపించాను. "నాకు భయంగా ఉందే" అంది. "ఆ నంబరు నా పేరు మీదుంది."

ఏదైతే అదయిందని, దాచకుండా అందరికీ చెప్పేద్దామనుకున్నాం. ఆమె నడిచి వచ్చాక ఇద్దరం చౌరస్తాకి వెళ్లాం. అన్న మెడలో కండువాతో, కుర్రాళ్ల బైకుల మధ్య వెలిగిపోతున్నాడు.

"చూసినవా చెల్లె, ఎంత మంచిగ అయితున్నదో!"

"అన్నా, అసలు బంద్ లేదు. మా మెసేజ్ సగమే పోయింది."

"లేకపోతే గిదంతా ఏంది మరి?" అని షటర్లు చూపించాడు. "గింత మంచిగ అయితున్న బంద్‌ని పట్టుకొని లేదంటవేందమ్మా? ఎవరన్న వింటే బాధపడ్తరు."

ఇంతలో కొత్తపేట వైపు నుంచి ఇంకో సంఘంవాళ్లు ఊరేగింపుగా వచ్చారు. ఈ బంద్‌కి పిలుపిచ్చింది తామేనన్నారు. కాదు మేమన్నారు అన్న మనుషులు. నేను ఇద్దరి మధ్య నిలబడి, "ఎవరూ ఇయ్యలేదు, కంప్యూటర్ తప్పు" అన్నాను. రెండు వర్గాలూ నా మీద ఒక్కటయ్యాయి. "నడుమ నువ్వెవరమ్మా?"

నా స్నేహితురాలు ఒక కిరాణా కొట్టాయన దగ్గరికి వెళ్లి తెరవమని బతిమాలింది. "తెరుస్తగని, నువ్వు మాట్లాడకమ్మా" అన్నాడాయన గొంతు తగ్గించి. "మీ ఆంధ్రోళ్ల మాట విని తెరిస్తే రేపు నేను పేపర్ల పడ్త." బందోబస్తుకి వచ్చిన కానిస్టేబుల్‌ని ఎవరు పంపారని అడిగితే, తనకూ మెసేజ్ వచ్చిందన్నాడు.

మా మెంటర్ అప్పుడు వచ్చాడు. బస్సుల్లేక సాగర్ రింగు రోడ్డు నుంచి నడిచి వచ్చాడట. చొక్కా తడిసి ముద్దయింది, మొహం మాత్రం పెళ్లికొడుకులా ఉంది. చుట్టూ చూసి, "ఒక్క మెసేజ్‌తో ఇంత ఇంపాక్టా!" అన్నాడు. అది తప్పుడు మెసేజ్ అని వివరించాం. ఆయన పెట్టించిన పొడుగాటి సంస్థ పేరు వల్లే ఇలా అయిందని కూడా చెప్పాం. "వైఫల్యాన్ని అలా చూడకూడదు" అని ఓదార్చాడు.

మధ్యాహ్నం దాటాక చౌరస్తాలో ఉన్న ఫోన్లన్నీ కొద్దికొద్ది తేడాతో కీచుమన్నాయి. అన్నది, కానిస్టేబుల్‌ది, కొట్టాయనది, ఊరేగింపులో వాళ్లవి. అందరూ తీసి చూసుకున్నారు. తెర మీద ఒకే మాట. 'లేదు.'

"ఏం లేదు?" అన్నాడు అన్న.

"బంద్ లేదన్నా. పొద్దటి నుంచి అదే గద చెప్తున్న!"

అన్న ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఒక బైకు సీటు మీదికెక్కి, "బంద్ సంపూర్ణంగ విజయవంతమైంది! ప్రజల ఇబ్బందిని దృష్టిల పెట్టుకొని గిప్పుడే విరమిస్తున్నం!" అని ప్రకటించాడు. అవతలి సంఘంవాళ్లు కూడా వెంటనే విరమించారు. షటర్లు లేచాయి. భయమంతా దిగిపోయి ఇద్దరం ఒక అరుగు మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఆమె నవ్వు ఆఖర్న నిజంగానే ఏడుపైంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మర్నాటి నుంచి మెసేజ్‌లో 'లేదు' అనే మాటే ముందు పెట్టాం. తర్వాత సమ్మెలు ఎంత ముదిరాయంటే ఎవరూ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. అన్నీ ఎలాగూ మూతపడే ఉండేవి. మా ఏడాది కూడా పూర్తయింది. చివరి సభలో ఆ సగం మెసేజ్ రోజునే మా పెద్ద విజయంగా మెంటర్ తెర మీద చూపించాడు. మేం లేచి నిజం చెప్పాం. మా నిజాయితీకి ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

ఆ సభ సంగతి విన్న అన్న ఒకరోజు మా ఇంటికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చెల్లె, ఆ ఫెలోషిప్ నాకూ ఇప్పియ్యరాదు? నేను చేసేదీ సమాజం కోసమే గద."

నా స్నేహితురాలు ఇంగ్లీషులో ఆయన దరఖాస్తు రాసింది. చాలా బాగా రాసింది. ఆయన మొదటి వడపోత దాటి ఇంటర్వ్యూ దాకా వెళ్లాడు. అక్కడ, "ఇది యువతకు మాత్రమే, మీకు నలభై దాటినట్టున్నాయి" అన్నారట. అన్న జేబులోంచి యువజన విభాగం అధ్యక్షుడి కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. వాళ్లు ఒప్పుకోలేదు.

ఆయనకు చాలా కష్టం కలిగింది. మాతో కొన్నాళ్లు మాట్లాడలేదు. ఆ వారం జరిగిన బంద్ సంగతి మాకు పొద్దున్నే పాలు తేవడానికి వెళ్లిన అమ్మ చెబితే తెలిసింది.