కొసరు తీస్తే దొంగ అన్న దుకాణానికి పోయొచ్చినం

మా ఇంటామె రాజవ్వను పదేండ్ల కింద ఒక దుకాణపోళ్లు దొంగ అన్నరు. నేను మర్వలేదు. హనుమకొండల సుబేదారి దాటినంక, కాలనీల అంచున సహకార సంఘపోళ్లు పెట్టిన పెద్ద దుకాణం అది. పేరు రాయను. ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్తల తెరిచిండ్రు. ఎవరికి కావల్సింది వాళ్లే తీసుకునుడు గప్పుడు కొత్త. రాజవ్వ కిలో పుట్నాలు తూకం వేసుకోని, ఇంకో గుప్పెడు కొసరు కొంగుల పోసుకుంది. మా ఊరి సావుకారి ఎన్నడూ కొసరు పెట్టకుండ పంపలేదు. ఇక్కడ పెట్టేటోడు లేడు, మీరే తీసుకోండ్రి అన్నరు గదా అని అందరు చూస్తుంటెనే తీసుకుంది. వాకిట్ల కొంగుముడి విప్పించి, పుట్నాలు మల్ల డబ్బాల పోయించిండ్రు. ఆనాటి నుంచి ఆమె ఎవరి దగ్గర కొసరు ముట్టదు. కూరగాయలామె రెండు మిరపకాయలు ఎక్కువేస్తే తీసి పక్కకు పెడ్తది.

సుబేదారి ఆఫీసులకు పనిబడి పోయినప్పుడల్లా ఆ దుకాణం పెరుగుడు నేను రోడ్డు మీదికెల్లే చూసిన. మొదలు రేకుల షెడ్డు, చుట్టు జొన్నచేన్లు, చక్కెరకు లైను. తర్వాత బట్టల గది పెట్టిండ్రు. రేకులు తీసి స్లాబు పోసిండ్రు, మీద ఇంకో అంతస్తు లేచింది, అద్దాల తలుపులొచ్చినయి. చేన్లన్ని ఇండ్లయినయి. లోపల మాత్రం కాలు పెట్టలే.

మొన్న వాళ్ల జీపు మైకు కట్టుకోని మా వర్ధన్నపేట దాక వచ్చింది. పదేండ్ల పండుగట, మొదటి నుంచి కొన్న పెద్దలు రావాల్నట.

"మొదట్ల కొన్నది నువ్వే గదనే, నడువు" అన్న.

"నేను రాను. ఆ వాకిలి నాకొద్దు."

"నువ్వు రాకుంటే ఎవరి కోసం అడగాలె?"

ఆమె లోపలికి పోయి చీర మార్చుకుంది.

పొద్దున ఏడింటి బస్సెక్కినం. టికెట్టు ఇద్దరికి ఆరు రూపాయల లోపే. పోయేటోళ్లు ఎనుక సీట్ల కూసోకుండ్రి, నడుం పోతది. హనుమకొండల దిగి, చాయ తాగి, రెండు రూపాయలకు రిక్షా మాట్లాడినం.

"ఏం కొంటరు పెద్దయ్యా?" అన్నడు రిక్షా తొక్కేటాయన.

"కొనను. అడుగుత."

"అక్కడ అడుగుడు ఉండదు. అన్నిటి మీద ధర చీటి అతికిచ్చే ఉంటది."

"నేనడిగేదానికి చీటి ఉందేమో చూద్దాం తీ."

రాజవ్వ నా మోచెయ్యి పట్టుకుంది.

వాకిట్ల సంచి పెట్టి నంబరు బిల్ల తీసుకున్నం. కావలాయన ఎవరో కొత్తాయన, ఏమడగలేదు. అడగకముందే ఆమె కొంగు దులిపి అతనికి చూపెట్టింది.

లోపల సబ్బులకు చెంచాలు కట్టి కుప్ప పోసిండ్రు. మేనేజరు దగ్గర్నే నిలబడ్డడు, పడుసోడు.

"ఇదేంది?" అన్న.

"మూడు సబ్బులకు ఒక చెంచా ఫ్రీ, పెద్దాయనా. కస్టమర్లు సంతోషపడాలి గదా."

"మా దిక్కు దీన్నే కొసరంటరు. మీరు కడ్తె పండుగ, మా ఆమె తీసుకుంటే దొంగతనమా?"

జరిగిందంత చెప్పిన. కొనేటోళ్లు బుట్టలు పట్టుకోని నిలబడి చూస్తాండ్రు.

"అప్పుడు నేను లేను" అన్నడు మేనేజరు. "పాతది ఎందుకు తోడుతరు? ఈ చెంచా తీస్కపొండ్రి."

పదేండ్లల్ల ఈ సంగతి మీద రాజవ్వ నోరు తెరుచుడు గప్పుడే చూసిన. "చెంచా వద్దు బిడ్డా. దొంగ కాదు అను. గంతే."

ఆ మేనేజరు పిలగాడు జనం దిక్కు చూసిండు, తల దించిండు. "సంఘం కమిటీని అడిగి చెప్త" అన్నడు.

తిరుగు బస్సుల నాకొకటి సమజైంది. గప్పుడు మా రివాజు వాళ్లకు తెల్వదు, వాళ్ల రివాజు మాకు తెల్వదు. అది ఎవరి తప్పు కాదు. తెల్వని మనిషిని నలుగుట్ల నిలబెట్టి కొంగు విప్పించుడు తప్పు. ఆ దుకాణానికి పోయేటోళ్లు పదిగంటల లోపల చేరుండ్రి, తర్వాత బిల్లు కాడ గంట నిలబడాలె.

కమిటీ వాళ్లకు ఒక్కటే మాట. మీ మనిషి మా గడప కాడికొచ్చి, రాజవ్వ మొకం చూసి, దొంగ కాదు అనాలె. అంటరా, అనరా? వచ్చే సోమవారం పొద్దుగూకే దాక చూస్త.